బ్యాంకును చావనివ్వని జపాన్

గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు దేశదేశాల ఐబీఎం ఉద్యోగులను ప్రశ్నలడిగి, ఒక్కో దేశ సంస్కృతికి మార్కులు వేశాడు. 1980లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, రేపేమవుతుందో తెలియదంటే బెదిరే గుణంలో జపాన్‌కు 92, అమెరికాకు 46, మనకు 40. బెదురు ఎక్కువున్న దేశాల్లో బ్యాంకులు తెగించి అప్పులివ్వవనీ, ఎవరికి వారే అనుకునే చోట సాహసాలు ఎక్కువనీ 2008 సంక్షోభం తర్వాత కొందరు పరిశోధకులు ఈ మార్కుల ఆధారంగానే తేల్చారు. సగటు తీస్తే నిజమే కావచ్చు. ఆ 92 మార్కుల దేశం చరిత్ర మాత్రం అంత తేలిగ్గా లొంగదు.

1927 మార్చి 14న జపాన్ పార్లమెంటులో ఆర్థికమంత్రి కటావోకా నవోహారు నోరు జారాడు. టోక్యో వతనబె బ్యాంకు మూతపడిందన్నాడు. నిజానికి ఆ రోజుకు కావలసిన డబ్బు ఆ బ్యాంకు ఎలాగో సర్దుకుంది. మంత్రి మాట బయటికొచ్చాక మర్నాడు తలుపులు మూయక తప్పలేదు. 1923 భూకంపం నాటి మొండి బాకీలు ఎవరి పద్దుల్లో ఎన్నున్నాయో తెలియని రోజులవి. జనం బ్యాంకుల ముందు బారులు తీరారు. ఏప్రిల్లో సుజుకి షోటెన్ అనే వ్యాపార సంస్థ కూలింది. దానికి లెక్కకు మించి అప్పులిచ్చిన తైవాన్ బ్యాంకు తలుపులు మూసింది. మంత్రివర్గమే దిగిపోయింది. కొత్త ఆర్థికమంత్రి తకహాషి కొరెకియో చెల్లింపుల మీద మూడు వారాల మారటోరియం విధించాడు. నోట్లు చాలక హడావిడిగా 200 యెన్ల నోట్లు అచ్చువేయించారు. వెనకవైపు అచ్చుకు వ్యవధి లేదు. ఆ తెల్లవీపు నోట్ల కట్టలనే జనానికి కనపడేలా బ్యాంకుల్లో పేర్చారు.

ఈ జనానికీ హాఫ్‌స్టెడ్ ప్రశ్నలకు జవాబిచ్చిన వాళ్లకూ మధ్య నలభై ఏళ్లే తేడా. ఈలోపు చట్టాలు మారాయి. 1927 బ్యాంకింగ్ చట్టం కనీస మూలధనం పెంచేసరికి చిన్న బ్యాంకులు పెద్దవాటిలో కలిసిపోయాయి. వెయ్యికి పైగా ఉన్న సాధారణ బ్యాంకులు 1945 నాటికి 61 మిగిలాయి. యుద్ధం తర్వాత ఆర్థిక మంత్రిత్వశాఖ కాన్వాయ్ పద్ధతి నడిపింది. గుంపులో అన్నిటికన్నా నెమ్మదైన ఓడ వేగానికే మిగతావీ నడవాలి. ఒక బ్యాంకు తూలితే ఇంకొకటి ఎత్తుకోవాలి. కంపెనీ కష్టంలో పడితే దానికి ప్రధానంగా అప్పులిచ్చే మెయిన్ బ్యాంకు చెయ్యి వదలకూడదు. తర్వాతి కాలంలో దీన్నంతా జపాన్ స్వభావం అన్నారు. అధికారుల గదుల్లో తయారైన స్వభావం అంటాను నేను. పడిపోతున్న బ్యాంకును మరో బ్యాంకుకు కట్టబెట్టడం మనకూ తెలిసిందే: సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకును 2004లో మారటోరియం విధించిన మూడు వారాల్లోనే ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. బెదురు మార్కుల్లో మనం జపాన్‌కు సగం కూడా లేం మరి!

అలాగని సంస్కృతిని కొట్టిపారెయ్యడానికీ లేదు. 1973 డిసెంబరులో ఐచి ప్రాంతంలో, షింకిన్ బ్యాంకులో, అంటే స్థానిక సహకార బ్యాంకులో ఉద్యోగం ఖాయమైన స్నేహితురాలిని స్కూలు అమ్మాయిలు రైల్లో ఆటపట్టించారు, బ్యాంకులంటే ప్రమాదమని. వాళ్లన్నది దొంగల గురించి. ఆ మాట చుట్టాల ఇళ్లు, బ్యూటీ పార్లరు, లాండ్రీ కొట్టు తిరిగి తొయోకవ షింకిన్ బ్యాంకు మునిగిపోతోందన్న పుకారుగా తేలింది. చమురు సంక్షోభంలో టాయిలెట్ పేపర్ కోసం కూడా ఎగబడుతున్న కాలం. నిక్షేపంలా ఉన్న బ్యాంకులోంచి కోట్ల యెన్లు వెళ్లిపోయాయి. ఒకరి మాట ఒకరు నమ్మే ఊళ్లలో ఆ నమ్మకం బ్యాంకుకు ఎంత బలమో అంత గండం కూడా.

1990ల్లో షేర్లు, భూముల ధరలు కూలాక ఆ చెయ్యి వదలని గుణమే మెడకు చుట్టుకుంది. ఖాతాదారు కంపెనీని దివాలా తీయించడం మెయిన్ బ్యాంకుకు పరువు తక్కువ. పాత అప్పు మీద వడ్డీ కట్టడానికి కొత్త అప్పిచ్చారు. అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆ పైపై ప్రశాంతత కింద బాకీలు పేరుకుపోయి, 1997 నవంబరులో మూడు వారాల్లో సాన్యో సెక్యూరిటీస్, హొక్కైడో తకుషోకు బ్యాంకు, నూరేళ్ల యమాయిచి సెక్యూరిటీస్ వరసగా పోయాయి. తప్పు తమదనీ ఉద్యోగులది కాదనీ యమాయిచి అధ్యక్షుడు టీవీ కెమెరాల ముందు ఏడ్చాడు. ఆ కంపెనీ పద్దుల బయట దాచిన నష్టం దాదాపు 26,000 కోట్ల యెన్లు. ఆ కన్నీళ్లు చూసి జపాన్ సంస్కృతిని మెచ్చుకున్నవాళ్లు ఈ అంకెను కూడా అందులో భాగంగానే చదవాలి.

2003లో రెసోనా బ్యాంకు కోసం ప్రభుత్వం దాదాపు 2 లక్షల కోట్ల యెన్లు పోసింది. 2008లో అమెరికా బ్యాంకులు కూలుతుంటే జపాన్ బ్యాంకులు చాలావరకు నిలబడ్డాయి. మిత్సుబిషి యూఎఫ్‌జే ఏకంగా 900 కోట్ల డాలర్లతో మోర్గాన్ స్టాన్లీని ఆదుకుంది. జాగ్రత్త వాళ్ల రక్తంలోనే ఉందని అప్పుడు రాసినవాళ్లున్నారు. అంతకుముందు పదేళ్లు సొంత గాయాలు మాన్పుకోవడంలో మునిగి, అమెరికా గృహ రుణాల జూదంలోకి లోతుగా దిగే తీరికే వాళ్లకు లేదన్నది నాకు ఎక్కువ నమ్మదగ్గ కారణంగా తోస్తుంది.

2010 సెప్టెంబరులో ఇంక్యుబేటర్ బ్యాంక్ ఆఫ్ జపాన్ దివాలా తీసింది. ఈసారి మోయడానికి మరో బ్యాంకును పిలవలేదు. కోటి యెన్లకు పైబడిన డిపాజిట్లు పూర్తిగా తిరిగి రావని చెప్పేశారు. 1971లో డిపాజిట్ బీమా మొదలయ్యాక అలా జరగడం అదే మొదటిసారి. మిగతా బ్యాంకుల మీదికి జనం ఎగబడలేదు.