శిల్పచ్ఛాయ యెవరి సొత్తు?

అమరావతీస్తూప శిల్పములను చూడగోరు తెలుగువాడు నేడు మూడు చోటులకు పోవలసియున్నది. కొన్ని కృష్ణాతీరమున ఆ యూరి ప్రదర్శనశాలయందే నిలిచినవి. పెక్కు చెన్నపట్టణమున ఎగ్మూరు ప్రదర్శనశాలకు చేరినవి. సుమారు 120 లండను నగరమున బ్రిటిషు మ్యూజియమునం దున్నవి. ఆ మూడవ చోటికి పోగల గృహస్థులు మనలో నెందరు? తక్కినవారికి ఛాయాచిత్రమే దిక్కు. ఆ ఛాయాచిత్ర మిప్పుడు అంతర్జాలముద్వారా క్షణకాలములో మన యింటికి వచ్చుచున్నది. దాని వెంటనే "ఇది మాది, మా యనుమతి లేక వాడరాదు" అను మాటయు వచ్చుచున్నది. ఈ "మాది" యను మాటయందు న్యాయ మెంత కలదో విచారించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

శిల్పముయొక్క ఛాయాచిత్రమునందు ముగ్గురి పాత్ర యున్నది. శిల్పి రాతికి రూపము నిచ్చినవాడు. ఛాయాగ్రాహకుడు వెలుగును, కోణమును, దూరమును ఎంచుకొని ఆ రూపమును పటమునం దుంచినవాడు. రక్షకుడు ఆ రాతిని తన కప్పుక్రింద నిలిపి తాళము వేసికొన్నవాడు. వివాదములు పుట్టినప్పుడెల్ల ఈ ముగ్గురి మాటయు ఒక్కటే మాటగా వినబడుచుండును. చరిత్రను పరిశీలించినచో, ఇవి మూడు వేర్వేఱు మాటలనియు, మొదటి రెండును శ్రమకు ఫలముగా కొంతకాలమువఱకే చెల్లుననియు, మూడవది కర్తృత్వమే కాదనియు తెలియగలదు.

ఆంగ్లేయుల శాసనములలో శిల్పులకు ప్రత్యేకముగా 1814వ సంవత్సరమున ఒక చట్ట మేర్పడినది. క్రొత్తశిల్పమును చేసినవానికి 14 సంవత్సరములు, అప్పటికి జీవించియున్నచో మఱి 14 సంవత్సరములు దానిపై హక్కు కలదని దాని సారాంశము. ఆ పిమ్మట రెండేండ్లకు, అనగా 1816లో, కర్నల్ కాలిన్ మెకంజీ అమరావతికి రెండవమారు వచ్చెను. అంతకుముందే వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచట పట్టణము కట్టించుచుండగా స్తూపపు దిబ్బను త్రవ్వి రాళ్లను తరలించియుండిరి. మెకంజీ వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెఱువు త్రవ్వబడియుండెను. ఆయన వెంటవచ్చిన చిత్రకారులు మిగిలిన ఫలకములను ఒక్కొక్కటిగా వ్రాసికొనిరి. ఆ చిత్రముల సంపుట మిప్పుడు లండనునందలి బ్రిటిషు లైబ్రరీలో నున్నది. వానిలో కొన్ని ఫలకములు తరువాత కానరాలేదు. ఆ రాళ్లు పోయినను వాని ఆకృతులు మనకు దక్కుటకు ఆ ప్రతిరూపములే కారణము. ప్రతిరూపము మూలమునకు నీడవంటిదే గాని, ఒక్కొక్కప్పుడు మూలము నశించినను నీడ మిగులునని యిందువలన తేలుచున్నది. ప్రతిరూపముపై ఆంక్ష పెట్టువారు మొట్టమొదట ఈ సంగతిని తలంపవలెను.

1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి చెన్నపట్టణమునకు పంపిన శిల్పములను 1858లో లిన్నేయసు ట్రైపు అను సైనికాధికారి ఛాయాచిత్రములుగా తీసెను. అప్పటికి ఛాయాచిత్రములకు ఆంగ్లశాసనమున హక్కే లేదు. 1862లో క్రొత్తచట్టము వచ్చి, చిత్రపటములతోపాటు ఛాయాచిత్రములకును కర్తయొక్క జీవితకాలము, అటుపై 7 సంవత్సరములు రక్షణ నిచ్చినది. 1911లో వచ్చిన ఆంగ్లచట్టము 1914లో మనదేశమునకును వర్తించినది. అందు ఛాయాచిత్రమునకు మూలఫలకము తయారైనది మొదలు 50 సంవత్సరముల గడువు. విశేష మేమనగా, ఆ మూలఫలక మెవరి సొత్తో వారినే కర్తగా నెంచుమని ఆ చట్టము చెప్పినది. చేసినవానికిని కలిగినవానికిని భేదము లేకుండ చేసిన ఆ సూత్రమే, నేటి రక్షకుల వాదమునకు పాతబీజము కాదగును. 1957లో స్వతంత్రభారతము తన కాపీరైటు చట్టమును చేసికొన్నప్పుడు ఛాయాచిత్రమును తీసినవాడే కర్త యని తేల్చివేసినది. కర్తయొక్క జీవితకాలము, అటుపై 60 సంవత్సరములు ఆ హక్కు నేడు చెల్లుచున్నది.

ఇక శిల్పి హక్కును గూర్చి చూతము. అమెరికా రాజధాని వాషింగ్టను నగరమున కొరియా యుద్ధమునం దుద్యోగించిన సైనికుల స్మారకచిహ్నము 1995లో వెలసినది. అందలి 19 సైనికవిగ్రహములను తీర్చినవాడు ఫ్రాంకు గేలార్డు. మంచు కప్పిన ఆ విగ్రహములను ఒక విశ్రాంత సైనికుడు ఛాయాచిత్రముగా తీసెను. తపాలాశాఖవారు ఆయనకు 1500 డాలర్ల నిచ్చి, అనుమతి పొంది, 2003లో 37 సెంట్ల బిళ్లపై దానిని ముద్రించిరి. శిల్పిని మాత్ర మడుగలేదు. ఛాయాగ్రాహకుని యనుమతి చాలునని వారి తలంపు. శిల్పి వ్యాజ్యము వేసెను. 2010లో ఉన్నత న్యాయస్థానము ఆయన పక్షమున తీర్పు చెప్పగా, 2013లో సుమారు 6,85,000 డాలర్ల పరిహారము నిర్ణయమైనది. ఒక పటమునకు ఇద్దరు కర్త లుండవచ్చునను సంగతి యిందువలన లోకమునకు స్పష్టమైనది.

డెన్మార్కులో మఱియొక విధము. కోపెన్‌హాగెన్ తీరమునందలి మత్స్యకన్య విగ్రహము 1913లో నిలిచినది. దానిని చేసిన ఎడ్వర్డు ఎరిక్సెను 1959లో మరణించెను గనుక 2029వ సంవత్సరాంతమువఱకు వారసులకు హక్కు కలదు. ఒక దినపత్రిక ఆ విగ్రహమునుబట్టి వ్యంగ్యచిత్రము నొకదానిని, ముఖమునకు మాస్కు తొడిగినట్లున్న ఛాయాచిత్రము నొకదానిని ప్రచురింపగా, వారసులు వ్యాజ్యము వేసిరి. క్రింది న్యాయస్థానములు పత్రికపై పరిహారము విధించినవి. 2023 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివైచి, రెండును ఉల్లంఘనలు కావని చెప్పెను. ఊరి నడుమ నిలిచిన విగ్రహమును గూర్చి ఊరివారు మాటాడుకొనుటకును, పరిహసించుటకును కొంత స్వేచ్ఛ యుండవలెనుగదా!

ఈ విషయమున మన భారతశాసనము ఆ రెండు దేశములకంటె ఉదారమైనది. సర్వజనులు ప్రవేశింపగల చోట శాశ్వతముగా నిలిపిన శిల్పమును ఛాయాచిత్రముగా తీయుటయు ప్రచురించుటయు ఉల్లంఘనము కాదని 1957 చట్టముయొక్క 52వ సెక్షను చెప్పుచున్నది. 1992లో హుస్సేన్‌సాగరమున నిలిచిన బుద్ధవిగ్రహమును ఎవరైనను పటము తీసి ప్రకటింపవచ్చును. శిల్పిని గాని వారసులను గాని అడుగ నక్కఱలేదు. అయితే ఆ స్వేచ్ఛ పటమునకే గాని, ఆ విగ్రహమును పోలిన మఱియొక విగ్రహమును చెక్కుటకు కాదు.

ఇచట మనవారి లోపము నొకదానిని చెప్పక తప్పదు. శిల్పము అందఱిది గనుక దాని ఛాయాచిత్రమును అందఱిది యని మనలో పలువురు తలంచుచున్నారు. ఎవరో ఎండలో నిలిచి, సాయంకాలపు వెలుగునకై వేచి, ఒక దేవాలయస్తంభమును పటము తీసి అంతర్జాలమునం దుంచుదురు. మఱునా డాపటము పేరుచెరిపి, అంచులు కత్తిరించి, వాట్సాపునందు తిరుగును. సంవత్సరాదికి ఒక వ్యాపారి కేలండరుపై వెలయును. ఆ శిల్పి వేయి సంవత్సరముల క్రిందటివాడు కావచ్చును గాని, పటము తీసినవాడు నేటివాడు. అతని శ్రమయు నేటిదే. చదునైన చిత్రపటమును ఉన్నదున్నట్లు దింపిన ఛాయాచిత్రమునందు క్రొత్తసృష్టి లేదని 1999లో న్యూయార్కు న్యాయస్థాన మొకటి చెప్పినది. శిల్పముమాట వేఱు. గుండ్రని రాతిపై వెలుగు ఏ వైపునుండి పడవలెనో, ఏ ముఖము కనబడవలెనో నిర్ణయించుట ఛాయాగ్రాహకుని వివేకము. కావున అతని యనుమతి కోరుట, పేరు ప్రకటించుట మర్యాదయే కాదు, ధర్మమునైయున్నది.

మూడవవాడైన రక్షకుని మాట క్లిష్టమైనది. జర్మనీ దేశమున మాన్‌హైము నగరమునందలి రైస్-ఎంగెల్‌హోర్ను ప్రదర్శనశాలవారు తమ యొద్దనున్న పాతకళాఖండముల ఛాయాచిత్రములను వికీమీడియా కామన్సునం దుంచిన ఒక స్వచ్ఛందసేవకునిపై వ్యాజ్యము వేసిరి. కొన్ని పటములు ప్రదర్శనశాలవారి పుస్తకమునుండి తీసికొన్నవి. కొన్ని ఆతడే స్వయముగా లోపల తీసినవి. 2018 డిసెంబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము రెండు విధములను తప్పనెను. లోపల పటములు తీయరాదను కట్టడికి లోబడియే సందర్శకుడు ప్రవేశించినాడు గనుక దానిని మీరరాదని చెప్పినది. మఱుసటియేడే, 2019లో, ఐరోపాసమాఖ్య ఒక నిబంధన చేసినది. హక్కుల గడువు తీరిన కళాఖండమునకు ప్రతిరూపము తీసినంతమాత్రమున క్రొత్తహక్కు పుట్టదు. తీసినవాని స్వంతసృష్టి యందున్నప్పుడే పుట్టును. ఇటలీలో మఱియొక మార్గము త్రొక్కిరి. మైకెలాంజెలో 1564లో మరణించెను. ఆయన చేసిన దావీదు విగ్రహముపై కర్తృస్వామ్య మనునది యేమియు లేదు. అయినను 2020లో ఒక పత్రిక ఆ విగ్రహమును ఒక యువకుని రూపముతో కలిపి ముఖపత్రముగా వేయగా, 2004నాటి సాంస్కృతికసంపద చట్టము ననుసరించి 2023లో ఫ్లారెన్సు న్యాయస్థానము 50,000 యూరోల పరిహారము విధించినది.

రక్షకులపక్షమునను న్యాయము లేకపోలేదు. కప్పు కురియకుండ కాపాడుటకును, కావలివారికి జీతము లిచ్చుటకును ధనము కావలెను. ప్రవేశమునకు రుసుము తీసికొనుట, పటము తీసి పంపిన శ్రమకు వెల యడుగుట తప్పని మేము చెప్పము. గర్భాలయమున పటము తీయవలదని అర్చకులు చెప్పినచో అది పూజామర్యాద; దానిని పాటించుట సభ్యత. ఈ కట్టడు లన్నియు ద్వారమునకు సంబంధించినవి. ద్వారమునొద్ద నిలుచు హక్కును కర్తృత్వ మని పిలుచుటయే దోషము. రాతిని చెక్కనివాడు, పటము తీయనివాడు, రెంటినిగూర్చియు "సర్వహక్కులు మావే" యని ముద్రవేసినచో, గడువు తీరి ప్రజలకు చేరిన సొత్తు మరల చెఱలో పడినట్లగును. మన కేంద్రపురావస్తుశాఖ 2018లో అజంతాగుహలు, లేహ్ రాజభవనము, తాజ్‌మహలు సమాధిగృహము తప్ప తన రక్షణలోని కట్టడములయందు పటములు తీయుటకు అనుమతి నిచ్చినది. ఇది మెచ్చదగిన మార్పు.

పటములు విరివిగా వ్యాపించుటవలన మఱియొక మేలు కలదు. తమిళదేశమున శ్రీపురంతాన్ దేవాలయమునుండి దొంగిలింపబడిన నటరాజవిగ్రహమును 2008లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలవారు కొనిరి. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధనసంస్థ భద్రపఱచిన పాత ఛాయాచిత్రములు ఆ విగ్రహ మేదో గుర్తించుటకు సాక్ష్యములైనవి; 2014లో అది స్వదేశమునకు తిరిగివచ్చినది. మన ప్రకాశముజిల్లా చందవరమునుండి తరలిన బౌద్ధఫలకమును అదే చిత్రశాల 2016లో తిరిగి యిచ్చినది. పెట్టెలో దాచిన పటము ఎవరికి సాక్ష్యము చెప్పగలదు? పదిమంది చూచిన శిల్పమును దొంగ అమ్ముట కష్టము.

మరల అమరావతికి వత్తము. బ్రిటిషు మ్యూజియమువారు తమ ఛాయాచిత్రములను అంతర్జాలమునం దుంచినారు. అందులకు మనము కృతజ్ఞులము. కాని వ్యాపారేతర కార్యములకే వాడవలెనను షరతుతో నుంచినారు. కావున గుంటూరులో ఒక గ్రంథకర్త పిల్లలకై అమరావతీచరిత్ర వ్రాసి, కాగితపువెల రాబట్టుటకు కొలదిపాటి ధర పెట్టి అమ్మదలచినచో, ఆ పటములకై వేఱుగా అనుమతి పొందవలసియుండును. ఆ శిల్పములు చెక్కినవారు సుమారు 1800 ఏండ్లక్రిందట ఆ నేలమీదనే బ్రదికిరి. న్యూయార్కునందలి మెట్రోపాలిటను మ్యూజియమువారు 2017లో, గడువు తీరిన తమ కళాఖండముల పటములను ఏ షరతును లేక లోకమునకు విడిచిరి. అట్టివారు చేయగలిగినది లండనువారు చేయలేరా? రాళ్లను తిరిగి యిచ్చుట యెన్నడు తేలునో గాని, పటముల నిచ్చుటకు ఓడ యక్కఱలేదు, ఖర్చును లేదు.

ఇతరుల నడుగుటకు ముందు మన చేతిలోని పని మనము చేయవలెను. ఇతరుల పటమును వాడునప్పుడు అనుమతి కోరి, పేరు చెప్పుట మన యింటిపిల్లలకు అలవాటు చేయుదము. మన యూరి గుడిలో, చెఱువుకట్టమీద, చెట్టుక్రింద నిలిచిన పాతరాళ్లను పటములు తీసి, ఊరిపేరు, తీసిన తేదీ వ్రాసి, తీసినవారి పేరు చెప్పుటయే షరతుగా అందఱికి విడిచిపెట్టుదము. మెకంజీ చిత్రకారులు 1816లో చేసిన పని నేడు చేతిలో ఫోనున్న ప్రతివారును చేయదగినదే.