ఆత్మరక్షణకు చేతి తుపాకీ: ఎంపిక, ధారణ, బాధ్యత

మచిలీపట్నం: ఆత్మరక్షణ నిమిత్తం రివాల్వరు లేదా పిస్తోలు పొందదలచిన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల పౌరులు ఆయుధాన్ని ఎంచుకొనుటకు ముందు చట్టాన్ని తెలుసుకొనుట అవసరం. దుస్తుల మాటున తుపాకీ ధరించుట అనేది వ్యక్తి ఇష్టానికి వదిలిన విషయం కాదు. అది చట్టం విధించిన నిబంధన.

లైసెన్సు ముందు, ఆయుధం తరువాత

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ కలిగి ఉండరాదు. కృష్ణా జిల్లాలో లైసెన్సు మంజూరు చేయు అధికారం జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరుకు ఉంటుంది. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. ఆయుధ నియమావళి, 2016 మేరకు భద్రతా శిక్షణ పొందాలి. ఆయుధాన్ని ఇంట్లో భద్రపరచుటకు సంబంధించిన హామీ పత్రం సమర్పించాలి. పోలీసు నివేదిక పరిశీలించిన పిదప, తగిన కారణం ఉన్నదని సంతృప్తి చెందినప్పుడే లైసెన్సు లభిస్తుంది. దరఖాస్తు తిరస్కరణకు గురైనవారు అప్పీలు చేసుకొనవచ్చును. పంట రక్షణ కోరు రైతులకు మందు దట్టించి పేల్చు నాటు తరహా తుపాకీ సరిపోతుందని అధికారి భావిస్తే, దానికే లైసెన్సు ఇచ్చు వీలు చట్టంలో ఉన్నది.

2019లో జరిగిన సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్యను 3 నుండి 2కు తగ్గించింది. లైసెన్సు కాలపరిమితిని 3 నుండి 5 సంవత్సరాలకు పెంచింది.

రివాల్వరా, పిస్తోలా?

సాయుధ దళాలు వాడు 9 మి.మీ. బోరు సాధారణ పౌరులకు నిషిద్ధం. అందువలన ఎంపిక ప్రధానంగా .32 బోరు ఆయుధాలకు పరిమితమవుతుంది. కాన్పూరు ఆయుధ కర్మాగారం మహిళలను దృష్టిలో ఉంచుకొని 2014లో విడుదల చేసిన ‘నిర్భీక్’ రివాల్వరు బరువు సుమారు 500 గ్రాములు.

రివాల్వరు నిర్మాణం సరళమైనది. తూటాల చక్రాన్ని తెరిస్తే ఆయుధం నిండి ఉన్నదీ లేనిదీ కంటికి కనిపిస్తుంది. ఒక తూటా పేలకున్నా, మీట మరల నొక్కితే తదుపరి తూటా ముందుకు వస్తుంది. పిస్తోలు పలుచగా ఉండి దుస్తుల మాటున సులువుగా ఇముడుతుంది. అయితే మ్యాగజైను తీసివేసినప్పటికీ గొట్టం మొదట ఒక తూటా మిగిలి ఉండవచ్చును. ‘ఖాళీ తుపాకీ’ పేలి జరిగే ప్రమాదాలకు ఇది ఒక ముఖ్య కారణం. నిత్యం సాధన చేయలేని వారికి రివాల్వరే అనుకూలం.

కప్పి ఉంచుట తప్పనిసరి

2016 నియమావళి ప్రకారం బహిరంగ ప్రదేశాలలో చేతి తుపాకీని ఒరలో గాని, సంచిలో గాని, పూర్తిగా కప్పి తీసుకొని వెళ్లాలి. అది సదా ధరించినవారి అదుపులో ఉండాలి. ఆయుధాన్ని ప్రదర్శించుట నిషిద్ధం. ఒర మీటను పూర్తిగా కప్పేదిగా ఉండాలి. పంచె, లుంగీ మొలలో దోపుకున్న తుపాకీ జారిపడే ప్రమాదం ఉన్నందున గట్టి బెల్టు అవసరం. బస్సులో సంచిని పై అరలో ఉంచి నిద్రించుట అదుపులో ఉంచుకొనుట అనిపించుకొనదు.

తీరప్రాంతంలో జాగ్రత్తలు

బందరు, నాగాయలంక, కోడూరు వంటి తీరప్రాంతాల ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తోలు ఒర చెమటను, తేమను పీల్చుకొంటుంది. కనుక ఇంటికి చేరిన వెంటనే ఆయుధాన్ని ఒర నుండి తీసి, తూటాలు తొలగించి, పొడిబట్టతో తుడిచి, పలుచగా నూనె పూయాలి. తూటాలను తేమ తగలని డబ్బాలో, తుపాకీకి వేరుగా, తాళం వేసి ఉంచాలి. తాళపుచెవి పిల్లలకు అందరాదు. ఇంట్లో తీవ్ర మనోవేదనతో ఉన్నవారు ఉంటే ఆయుధాన్ని ఇంట ఉంచకుండుటే క్షేమం.

హక్కు, హద్దు

భారతీయ న్యాయ సంహిత, 2023లోని 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తించాయి. అయితే రక్షణకు అవసరమైన మేరకే బలప్రయోగం చేయాలి. పెండ్లిళ్లలో, ఊరేగింపులలో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా కాల్పులు జరిపితే 2 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ఎన్నికల సమయంలో అధికారులు ఆదేశించినప్పుడు ఆయుధాన్ని అప్పగించాలి. లైసెన్సుదారు మరణిస్తే, వారసులు దానిని జ్ఞాపకార్థం బీరువాలో దాచరాదు. సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు పొందిన వర్తకుని వద్ద గాని జమ చేయాలి.