చదరంగం గళ్ళ లెక్క, మా తాతగారి పద్యం

ఈసారి ఒక పెద్ద సంఖ్య కథ.

చదరంగం పలక మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. ఈ 20 అంకెలూ ఒకే తెలుగు పద్యంలో ఉన్నాయి. అది పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధం. 9వ శతాబ్దంలో కన్నడ దేశాన్ని ఏలిన అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యులు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశారు. దాన్ని తెలుగు చేసింది మల్లనే. ఆయన రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కాలం వారని చెబుతారు. ఆ రాజు తల్లి కుందవ్వ, తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. ఆ కాలంలో మన రెండు భాషలకూ అంత చుట్టరికం.

పద్యంలో అంకెలకు బదులు మాటలుంటాయి. చంద్రుడంటే 1, వేదాలు 4, బాణాలు 5, ఏనుగులు 8, ఆకాశం 0. విన్న వరుసలో కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి.

మా తాతగారు దీన్ని రోజూ చదివేవారు. మేము చదివింది తమిళ బడి. చెవికి పద్యం వచ్చింది, అర్థం రాలేదు. తెలుగు అక్షరాలు నేర్చుకునేసరికి ఆయన లేరు.

రిటైరయ్యాక జ్ఞాపకం మీద రాసి, రైల్వేలో మొత్తాలు సరిచూసుకున్నట్టే తొమ్మిదులు తీసి చూశాము. 1, 2, 4, 8, 16, 32 లను తొమ్మిదితో భాగిస్తే శేషాలు 1, 2, 4, 8, 7, 5. తర్వాత మళ్ళీ అదే వరుస. ఆ ఆరూ కూడితే 27, అంటే శేషం సున్నా. 60 గళ్ళు అలా పోగా మిగిలిన నాలుగింటికి 1, 2, 4, 8 కలిపి 15, అంటే 6 రావాలి. మాకు 5 వచ్చింది. ఎక్కడో తప్పింది.

అచ్చు పుస్తకం తెచ్చి చూస్తే, "వేద" ఉండవలసిన చోట మేము "వహ్ని" అని రాశాము. అగ్నులు మూడే కదా! పద్యం నడక చెడలేదు, లెక్క చెడింది. దిద్దాక అంకెల మొత్తం 87. ఎనిమిదీ ఏడూ 15, ఒకటీ అయిదూ 6. సరిపోయింది.

తాతగారు తప్పు చదివారా, మేము తప్పు విన్నామా? అడగడానికి ఆయన లేరు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఇలాంటి పద్యాలుంటే, వాళ్ళు ఉండగానే రాసుకోండి. అర్థం కూడా అప్పుడే అడిగేయండి.