నిబంధనలో రాయని కులం

విశ్వవిద్యాలయాల చరిత్ర రాసేవాళ్లు స్థాపించిన సంవత్సరం రాస్తారు, వైస్ ఛాన్సలర్ల పేర్లు రాస్తారు, భవనాల గురించి రాస్తారు. ఒక కోర్సులో చేరడానికి, పూర్తి చెయ్యడానికి ఏ షరతులు పెట్టారో, ఆ షరతుల దగ్గర ఎవరు ఆగిపోయారో మాత్రం రాయరు. ఆగిపోయినవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఉండవు గదా! అందుకే షరతులు ఎట్లా పనిచేశాయో తెలుసుకోవాలంటే వాటిని దాటి వచ్చినవాళ్ల జీవితాల్లో వెతకాలి. డాక్టర్ అంబేద్కర్ చదువు చరిత్ర ఇందుకు గట్టి ఆధారం. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన నాలుగేళ్ల ఆనర్స్ పద్ధతి మన కాలేజీల్లోకి వచ్చిన ఈ సమయంలో ఆ చరిత్రను మళ్లీ చదవాల్సిన అవసరం ఉందని మేం అనుకుంటున్నాం.

మొదటి షరతు భాష. ఆ రోజుల్లో బొంబాయి హైస్కూలు పిల్లలు రెండో భాషగా సంస్కృతమో పర్షియనో తీసుకునేవాళ్లు. కాగితం మీద అది విద్యార్థి ఇష్టం. అంబేద్కర్‌కూ ఆయన అన్నకూ సంస్కృతం చదవాలని ఉండేది. సంస్కృతం మాస్టారు అంటరాని పిల్లలకు చెప్పనన్నాడు. పర్షియన్ తీసుకోక తప్పలేదు. 1907లో మెట్రిక్, 1912లో బి.ఏ. ఆ పర్షియన్‌తోనే పూర్తయ్యాయి. అంటే విశ్వవిద్యాలయం కులం పేరెత్తకుండానే పని జరిగిపోయింది. నిబంధనలో లేని కులం తరగతి గదిలో ఉంది.

దీని ఫలితం ఎంత దూరం పోయిందో చూడండి. 1946లో 'శూద్రులెవరు?' గ్రంథం వెలువడినప్పుడు, సంస్కృతం రానివాడికి ఈ విషయం మీద రాసే హక్కు ఎక్కడిదన్న ఆక్షేపణకు ఆయన ముందుమాటలోనే జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆ లోటును ఒప్పుకుంటూనే, ఏళ్ల తరబడి అనువాదాలు చదివిన తనకు అర్హత లేదనడం చెల్లదన్నారు. ఒకప్పుడు చెప్పనన్న చదువే దాదాపు నలభై ఏళ్ల తర్వాత 'నీకు రాదు' అనే ఆయుధమైంది.

రెండో షరతు గడువు. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పుతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1915లో ఎం.ఏ. అయింది. 1916లో లండన్ చేరారు. 1917లో స్కాలర్‌షిప్పు గడువు తీరిపోయింది, చదువు సగంలో ఆపి తిరిగి రావాల్సొచ్చింది. నాలుగేళ్ల లోపు వచ్చి పూర్తి చేసుకోవచ్చని లండన్ విశ్వవిద్యాలయం అనుమతించింది. అనుమతి ఒక్కటే సరిపోతుందా? సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి మిగుల్చుకున్న జీతం, కొల్హాపూరు శాహూ మహారాజు సాయం, ఒక మిత్రుడి దగ్గర అప్పు, ఈ మూడూ కలిస్తే గాని 1920లో మళ్లీ ఓడ ఎక్కలేకపోయారు. 1921లో ఎం.ఎస్సీ., 1923లో డి.ఎస్సీ. వచ్చాయి.

మూడో షరతు డబ్బు. కొలంబియాలో పీహెచ్‌డీ పట్టా చేతికి రావాలంటే సిద్ధాంత వ్యాసాన్ని అచ్చు వేయించి ప్రతులు సమర్పించాలి. ఆ పుస్తకం 1925లో లండన్‌లో అచ్చయింది, పట్టా 1927లో వచ్చింది. న్యూయార్క్ వదిలిన పదకొండేళ్లకు! ఉన్నింటి విద్యార్థికి అచ్చు ఖర్చు ఒక లెక్క కాదు. లేనివాడికి అది మరో పరీక్ష.

మన దగ్గర గుర్రం జాషువా సంగతీ ఇంతే. ఆయన సాధించిన ఉభయ భాషా ప్రవీణలో రెండు భాషల్లో ఒకటి సంస్కృతం. 1895లో వినుకొండలో పుట్టిన ఈ కవికి జూపూడి హనుమచ్ఛాస్త్రి కాళిదాసు కావ్యాలు చెప్పారు. బొంబాయిలో ఒకాయన చెప్పనన్నాడు, ఇక్కడ ఒకాయన చెప్పారు. హనుమచ్ఛాస్త్రి మంచితనాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. అయితే ఒక కులం పిల్లల చదువు ఎదురుపడిన పంతులు మంచివాడా కాదా అన్నదాని మీద ఆధారపడితే, దాన్ని విద్యా వ్యవస్థ అనగలమా?

అంబేద్కర్ షరతులు ఎత్తెయ్యమని అడగలేదు. వాటిని తీర్చుకునే దారి అడిగారు, దారి వేశారు. 1942లో వైస్రాయికిచ్చిన విజ్ఞాపనలో షెడ్యూల్డు కులాల ఉన్నత విద్యకు నిధులు కోరారు. 1944లో మెట్రిక్ తర్వాతి స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు.

ఇప్పటి ఆనర్స్ షరతుల్ని ఈ వెలుగులో చూడాలి. మూడేళ్లకు 120 క్రెడిట్లు, డిగ్రీ. నాలుగేళ్లకు 160, ఆనర్స్. నాలుగో ఏడు 12 క్రెడిట్ల పరిశోధన చేసి 'పరిశోధనతో ఆనర్స్' పొందాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి. ఇందులోనూ కులం పేరు లేదు. కానీ ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన మా లాంటివాళ్లకు తొలి రెండు సెమిస్టర్లు పాఠ్యపుస్తకం ఇంగ్లీషును అర్థం చేసుకోడానికే పోతాయి. ఆ తర్వాత ఎంత ఎదిగినా తొలినాటి మార్కులు సరాసరిని కిందికి లాగుతూనే ఉంటాయి. ఈ షరతు విద్యార్థి ఎక్కడికి చేరాడో చూడదు, ఎక్కడ బయల్దేరాడో చూస్తుంది. నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా పీహెచ్‌డీలో చేరడానికీ 75 శాతమే గీటురాయి. 2022 నవంబరు నిబంధనల్లో షెడ్యూల్డు కులాలకు, తెగలకు 5 శాతం సడలింపు ఉంది. మొదటి ఏడాది దెబ్బను ఆ 5 శాతం పూడ్చగలదా?

ప్రమాణాలు తగ్గించమని కాదు మేం అడుగుతున్నది. భాష షరతు పెట్టినచోట ఆ భాష నేర్పే తరగతులు మొదటి సెమిస్టర్లోనే, క్రెడిట్లతో సహా ఉండాలి. పరిశోధనకు ఎంపిక చేసేటప్పుడు చివరి సెమిస్టర్ల ఎదుగుదలను లెక్కలోకి తీసుకోవాలి. నాలుగో ఏడు కూడా స్కాలర్‌షిప్పు ఆగకుండా రావాలి. వీటికి ముందు మనం చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్రతి కాలేజీలో నాలుగో ఏడు పరిశోధనకు ఎవరు వెళ్లారు, ఎవరు మూడో ఏటనే ఆగారు, ఎవరు మొదటి ఏడాది సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటికి పోయారు అన్నది విద్యార్థి సంఘాలు, అధ్యాపక మిత్రులు కులాలవారీగా లెక్క తీయాలి. ఆగిపోయినవాళ్ల పేర్లు ఈసారైనా రాసి పెట్టుకోవాలి.