పెరట్లో కోళ్ళు పెరుగుతున్నాయా? కొత్తవి కలిపే ముందు ఇవి చూసుకోండి

2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు చేరింది. పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకుంటే పోలా అన్న ఆలోచన చాలా ఇళ్ళలో అప్పుడే మొదలైంది. ఊళ్ళో అమ్మమ్మ గంప కింద కోడిపిల్లల్ని కమ్మడం చూస్తూ పెరిగిన మనవాళ్ళకు ఇది మరీ కొత్త పనేమీ కాదు. అయితే నాలుగింటి దగ్గర ఆగేవారు తక్కువ. వసంతం రాగానే ఫీడ్ స్టోర్‌లో పిల్లలు కనిపిస్తాయి. స్నేహితుల ఇంట్లో పొదిగిన నాటుకోడి పిల్లలు రెండు మనకూ వస్తాయి. ఇంట్లో పిల్లలు బాతులు కావాలంటారు. ఏడాది తిరిగేసరికి నాలుగు కాస్తా పదిహేనవుతాయి.

జబ్బు, ఇరుకు, కోళ్ళ కొట్లాటలు, పొరుగువారి ఫిర్యాదు, సిటీ నోటీసు. పెరటి కోళ్ళతో వచ్చే పెద్ద ఇబ్బందులు చాలావరకు ఇలా కొత్తవి కలిపినప్పుడే మొదలవుతాయి. కాబట్టి ప్రతిసారీ తెచ్చే ముందే ఈ కింది విషయాలు సరిచూసుకోవాలి.

సిటీ రూల్, హెచ్ఓఏ రూల్

కోళ్ళకు దేశమంతటికీ ఒకే నిబంధన లేదు. సిటీ, కౌంటీ, హెచ్ఓఏ మూడూ చూడాలి. సిటీ ఒప్పుకున్నా హెచ్ఓఏ ఒప్పందంలో వద్దని ఉంటే కోళ్ళు పెట్టకూడదు. న్యూయార్క్ సిటీలో పెట్టలను పెంచుకోవచ్చు. పుంజులు, బాతులు, టర్కీలకు మాత్రం అనుమతి లేదు. సియాటిల్‌లో మామూలు ఇంటి స్థలంలో ఎనిమిది వరకు పెంచుకోవచ్చు, పుంజులు నిషేధం. గూడు పక్కింటి గోడకు ఎన్ని అడుగుల దూరం ఉండాలి, పర్మిట్ కావాలా అన్నవి కూడా ఊరికో రకంగా ఉంటాయి.

పిల్లల్ని కొనేటప్పుడు లింగం చూడకుండా కలిపి అమ్మేవి తీసుకుంటే దాదాపు సగం పుంజులే వస్తాయి. పెట్టలని చెప్పి అమ్మినవాటిలోనూ ఒకటీ అరా పుంజు తేలడం మామూలే. పుంజు వస్తే ఎక్కడికి పంపాలో ముందే ఆలోచించి పెట్టుకోండి. గుడ్లకు పుంజు అవసరం లేదు, పిల్లలు కావాలంటేనే అవసరం. అప్పుడు కూడా ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు.

అసీల్ జాతి మీద మోజున్నవారికి ఒక మాట. అవి పిల్లలుగా ఉన్నప్పుడే తన్నుకుంటాయి, మిగతా కోళ్ళతో కలిపి పెంచడం కష్టం. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో ఏం జరిగినా, అమెరికాలో కోడిపందేలు 50 రాష్ట్రాల్లోనూ నేరం. చూడటానికి వెళ్ళడం కూడా ఫెడరల్ నేరమే.

చోటు, దాణా లెక్క

ఒక్కో కోడికి గూటి లోపల కనీసం 4 చదరపు అడుగులు, బయట తిరిగే కంచెలో 8 నుంచి 10 చదరపు అడుగులు కావాలి. రాత్రి ఎక్కి పడుకునే కర్ర మీద ఒక్కోదానికి 8 నుంచి 10 అంగుళాలు, గుడ్లు పెట్టే పెట్టె నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున ఉండాలి. అంటే ఆరు కోళ్ళకు 24 చదరపు అడుగుల గూడు చాలు. అవే పదిహేనైతే 60 అడుగుల గూడు, కనీసం 120 అడుగుల కంచె కావాలి. ఇరుకైతే కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీకుతాయి, గుడ్లు పొడిచి తింటాయి. రెట్ట తడిసి అమ్మోనియా వాసన వస్తుంది, దానితో ఊపిరి జబ్బులు మొదలవుతాయి.

పెద్ద పెట్ట రోజుకు దాదాపు పావు పౌను దాణా తింటుంది. ఆరు కోళ్ళకు 50 పౌన్ల బస్తా నెల రోజులు వస్తుంది, పదిహేనింటికి రెండు వారాలు కూడా రాదు. మిగిలిన అన్నం, ఆకుకూరలు పెట్టవచ్చు కానీ అవి మొత్తం తిండిలో పదో వంతు మించకూడదు. ఉప్పెక్కువ ఉన్న కూరలు, పచ్చళ్ళు, అవకాడో తొక్కలు, ఉడకని రాజ్మా గింజలు వేయకండి.

కొత్తవాటికి 30 రోజుల ఎడం

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇదే, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. పెద్ద కోడి ఎక్కడి నుంచి వచ్చినా, ఎంత హుషారుగా కనిపించినా, 30 రోజులు వేరే గూట్లో ఉంచాలి. పైకి ఏ లక్షణం లేకుండానే కోళ్ళు రోగాలను మోస్తాయి. విడి గూడు పాత గూటికి వీలైనంత దూరంగా ఉండాలి, గిన్నెలూ చెప్పులూ కూడా వేరుగా ఉండాలి. రోజూ ముందు పాత కోళ్ళ పని చూసుకుని, చివర్లో కొత్తవాటి దగ్గరికి వెళ్ళండి. ఆ నెలలో తుమ్ములు, కళ్ళ వాపు, రెక్కల కింద పేలు, పారుడు ఉన్నాయేమో గమనించండి.

కొనేటప్పుడు ఎన్‌పీఐపీలో నమోదైన హేచరీనే ఎంచుకోండి. కోళ్ళలో పుల్లోరం వంటి రోగాలను అరికట్టడానికి 1935లో మొదలైన జాతీయ పథకమిది. ఒకరోజు పిల్లలకు మారెక్స్ టీకా వేసి పంపమని ఆర్డర్‌లోనే అడగవచ్చు. ఈ టీకా పుట్టిన రోజే వేస్తే బాగా పనిచేస్తుంది. వేరే రాష్ట్రంలోని స్నేహితుల నుంచి కోళ్ళు తెచ్చుకోవాలంటే సాధారణంగా ఆరోగ్య పత్రమో ఎన్‌పీఐపీ పత్రమో ఉండాలి. కారు డిక్కీలో పెట్టుకుని తెచ్చేసే పని కాదు.

మందలో కలిపే పద్ధతి

ఎడం పూర్తయ్యాక కొత్తవాటిని పాత కంచెలోనే వలతో విడదీసి వారం, పది రోజులు ఉంచండి. ఒకదాన్నొకటి చూసుకుంటాయి కానీ పొడుచుకోలేవు. కోళ్ళలో ఎవరు ముందు తినాలి, ఎవరు పైన పడుకోవాలి అనే వరస ఉంటుంది. కొత్తది వస్తే ఆ వరస మళ్ళీ మొదటి నుంచి తేలాలి. అందుకే ఒంటరిగా ఒక్కదాన్ని కలపకండి, కనీసం రెండు కలపండి. తిండి గిన్నెలు, నీళ్ళ గిన్నెలు రెండేసి చోట్ల పెట్టండి. పిల్లలైతే ఒళ్ళు పెరిగి పెద్దవాటికి దీటుగా వచ్చేదాకా ఆగండి.

చిన్నా పెద్దా కలిసి ఉన్నప్పుడు గుడ్ల కోళ్ళ దాణా అందరికీ వేయకూడదు. అందులో ఎక్కువగా ఉండే కాల్షియం పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందరికీ పెరిగే కోళ్ళ దాణా వేసి, గుల్ల పొడి వేరే గిన్నెలో పెడితే గుడ్లు పెట్టేవి తమకు కావలసినంత తింటాయి.

బాతులు, టర్కీలు, గిన్నీ కోళ్ళు

బాతులు నీళ్ళు చిమ్మి నేలంతా బురద చేస్తాయి. తడి కోళ్ళకు పడదు కాబట్టి వాటి నీళ్ళు, పడక వేరుగా ఉండాలి. బాతు పిల్లలకు కోడిపిల్లలకంటే ఎక్కువ నియాసిన్ కావాలి, లేకపోతే కాళ్ళు వంకరపోతాయి. బాతులు పైకి ఆరోగ్యంగా ఉంటూనే బర్డ్ ఫ్లూ వైరస్‌ను మోయగలవు. ఇది మరవకూడదు.

టర్కీలను కోళ్ళతో కలపకండి. కోళ్ళను పెద్దగా బాధపెట్టని బ్లాక్‌హెడ్ అనే రోగం టర్కీలను చంపేస్తుంది. దాన్ని మోసే పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. కాబట్టి కోళ్ళు తిరిగిన నేలలో కూడా టర్కీలు పెట్టకూడదు. అమెరికాలో దీనికి వాడిన చివరి మందు నైటార్సోన్‌ను 2015 చివరలో ఉపసంహరించారు. గిన్నీ కోళ్ళు పురుగుల్ని బాగా ఏరి తింటాయి కానీ వాటి అరుపు నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న కాలనీల్లో అవి వద్దు.

బర్డ్ ఫ్లూ: మన ఊళ్ళోనూ, ఇక్కడా

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన వార్తలు మనమంతా చదివాం. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప దానితో చనిపోయింది. అమెరికాలో 2022 నుంచి హెచ్5ఎన్1 వ్యాపిస్తూనే ఉంది. 2025 జనవరిలో లూసియానాలో దీనితో చనిపోయిన మొదటి అమెరికన్‌కు అది సోకింది పెద్ద ఫారంలో కాదు. పెరటి కోళ్ళు, అడవి పక్షుల నుంచి. ఆ వ్యక్తికి 65 ఏళ్ళు దాటాయి, అంతకుముందే ఇతర జబ్బులున్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు కోళ్ళ పని అప్పగించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ వైరస్‌ను ప్రధానంగా అడవి బాతులు, వలస పక్షులు తెస్తాయి. కంచెకు పైకప్పు వేయండి. దాణా, నీళ్ళు ఆరుబయట పెట్టకండి. పిట్టలకు గింజలు వేసే గిన్నెలు గూటికి దగ్గర్లో వేలాడదీయకండి. చెరువు గట్టున నడిచిన బూట్లతో గూట్లోకి వెళ్ళకండి, గూటికంటూ ఒక జత విడిగా ఉంచండి.

కోళ్ళు ఉన్నట్టుండి చనిపోవడం, తిండి మానడం, తల వాపు, తమ్మెలు నీలంగా మారడం, మెడ వంకరపోవడం, గుడ్లు ఒక్కసారిగా తగ్గడం దీని లక్షణాలు. కొన్ని కొక్కెర తెగులు లక్షణాల్లాగే ఉంటాయి, చూసి తేల్చలేం. చనిపోయినదాన్ని ఉత్త చేతులతో తాకకండి, కోసి వండకండి. రాష్ట్ర పశువైద్య అధికారికి గానీ, యూఎస్‌డీఏ నంబరు 1-866-536-7593కు గానీ వెంటనే ఫోన్ చేయండి. నిర్ధారణ అయితే మిగిలిన కోళ్ళన్నిటినీ తీసేస్తారు. అలా తీసేసిన బతికున్న కోళ్ళకు పరిహారం ఉంటుంది, జబ్బుతో అప్పటికే చనిపోయినవాటికి ఉండదు. దాచిపెడితే నష్టమే. కోళ్ళ దగ్గర పనిచేసినవారికి జ్వరం, కళ్ళు ఎర్రబడటం ఉంటే డాక్టర్‌కు కోళ్ళ సంగతి తప్పక చెప్పండి.

రకూన్లు, చలి, ఎండ

సన్నని చికెన్ వైర్ కోళ్ళను లోపల ఉంచుతుంది కానీ రకూన్‌ను బయట ఆపలేదు. అర అంగుళం కన్నాల గట్టి ఇనుప వల వాడండి. మామూలు గొళ్ళేలను రకూన్ తీసేయగలదు, కాబట్టి రెండు కదలికలతో తెరుచుకునే గడియ పెట్టండి. డేగ కోడిని ఎత్తుకుపోయినా దాన్ని చంపకూడదు, 1918 నాటి వలస పక్షుల చట్టం దాన్ని కాపాడుతుంది. పై వలే దానికి మందు.

చలికాలం గూటిని పూర్తిగా మూసేస్తే లోపలి తేమకే తమ్మెలు గడ్డకట్టి దెబ్బతింటాయి. పైభాగంలో గాలి ఆడే సందులు ఉండాలి. వేడి దీపాల వల్ల గూళ్ళు తగలబడిన ఘటనలు ప్రతి చలికాలం వినిపిస్తాయి. ఎదిగిన కోళ్ళకు అవి సాధారణంగా అవసరం లేదు. టెక్సస్, అరిజోనా ఎండల్లో నీడ, చల్లని నీళ్ళు ముఖ్యం.

చేతులు, గుడ్లు, మందులు

ఆరోగ్యంగా కనిపించే కోడి దగ్గర కూడా సాల్మొనెల్లా ఉండవచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలు కోళ్ళను పట్టుకోకూడదని సీడీసీ చెబుతోంది. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు వద్దు. గుడ్లు రోజూ ఏరండి. కడిగిన గుడ్లను ఫ్రిజ్‌లోనే ఉంచాలి. 1978కి ముందు కట్టిన ఇళ్ళ పెరట్లో పాత పెయింట్ వల్ల మట్టిలో సీసం ఉండవచ్చు, అది గుడ్లలోకి వస్తుంది. ముందుగా మట్టి పరీక్ష చేయించండి. 2023 జూన్ నుంచి ముఖ్యమైన యాంటీబయాటిక్స్ కోళ్ళకైనా పశువైద్యుల చీటీ లేకుండా దొరకవు. మందు వాడితే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోండి.

సందేహాలకు మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంది. కోడి ఎందుకు చనిపోయిందో తేల్చడానికి కాలిఫోర్నియాలో యూసీ డేవిస్ నడిపే రాష్ట్ర ల్యాబ్, టెక్సస్‌లో సెంటర్, గొంజాలెస్ పట్టణాల్లోని పౌల్ట్రీ ల్యాబ్‌లు ఉన్నాయి.

ఇండియా ప్రయాణం, ముసలి పెట్టలు

మన కుటుంబాలు నెల రోజులు ఇండియా వెళ్తాయి. నాలుగు కోళ్ళను పక్కింటివారు చూస్తారు, పదిహేనింటిని, బాతులతో సహా, చూడమని అడగడం కష్టం. ఆ పని ఎవరు చేస్తారో తేలకుండా కొత్తవి తేకండి. ఊళ్ళో కోళ్ళ ఫారానికి వెళ్ళి ఉంటే తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్‌లో ఆ సంగతి చెప్పాలి. అక్కడి బూట్లు శుభ్రం చేయనిదే పెరట్లో అడుగు పెట్టకండి. చికెన్ పచ్చడి లాంటివి సామానులో ఉంటే ప్రకటించాలి, దాచితే జరిమానా పడుతుంది.

పెట్ట రెండు మూడేళ్ళు బాగా గుడ్లు పెట్టి, తర్వాత తగ్గిస్తుంది. కానీ ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతకగలదు. సొంతంగా పెంచిన కోడిని ఇంటి అవసరానికి కోసుకోవడానికి ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది, సిటీ మాత్రం నిషేధించి ఉండవచ్చు. పాతవాటిని ఏం చేయాలో ఇంట్లో అందరూ ఒక మాట మీదకు వచ్చాకే, వచ్చే వసంతంలో ఫీడ్ స్టోర్ వైపు వెళ్ళండి.