జనం మాట: రెండు రాజ్యాలు, రెండు ప్రశ్నలు



భారతం ఆదిపర్వంలో ఒక చిన్న ఘట్టం ఉంది. ధర్మరాజే తమకు రాజు కావాలని హస్తినాపుర పౌరులు కూడళ్ళలో చెప్పుకున్నారు. ఆ మాటలు చెవిన పడి దుర్యోధనుడు ఉడికిపోయాడు. లక్క ఇంటి కథకు బీజం అక్కడే పడింది. జనం మాటకు పాలకులు ఎంత భయపడతారో మన కవులకు బాగా తెలుసు. అయినా రాజ్యభాగం ఇచ్చినప్పుడు గానీ, చివరకు ఐదూళ్ళయినా చాలునని అడిగినప్పుడు గానీ, పంపకం మీకు సమ్మతమేనా అని ఆ పౌరులను అడిగినవారు లేరు.

ఆ ప్రశ్నను మూడు దశాబ్దాలుగా జనాన్నే అడుగుతూ వస్తున్న చోటు నేటి లోకంలో ఒకటి ఉంది. అది ఇజ్రాయెల్, పాలస్తీనా. యూదులకొకటి, పాలస్తీనా అరబ్బులకొకటి, పక్కపక్కన రెండు రాజ్యాలు అన్న పరిష్కారంపై ఇరువైపుల ప్రజలు ఇచ్చిన జవాబుల చరిత్రే ఈ టపా.

పంపకం ఆలోచన పాతదే. 1937లో బ్రిటిష్ వారి పీల్ కమిషన్ దానిని సూచించింది. 1947 నవంబరు 29న ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 33 ఓట్లతో ఆమోదించింది. 13 దేశాలు వద్దన్నాయి, 10 దేశాలు తటస్థంగా ఉన్నాయి. వద్దన్నవాటిలో మన దేశం ఒకటి. మన విభజన గాయం అప్పటికి పచ్చిగా ఉంది. విభజనకు బదులు సమాఖ్య రాజ్యం మేలని మన ప్రతినిధి ఇరాన్, యుగోస్లావియా ప్రతినిధులతో కలిసి అంతకుముందే సూచించి ఉన్నారు. యూదు నాయకత్వం పంపకాన్ని అంగీకరించింది, అరబ్బు నాయకత్వం తిరస్కరించింది. 1948 యుద్ధంలో దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇల్లూ వాకిలీ కోల్పోయారు. 1967 యుద్ధంతో వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలేం కూడా ఇజ్రాయెల్ అధీనంలోకి వెళ్ళాయి.

1988 నవంబరు 15న పాలస్తీనా జాతీయ మండలి ఆల్జీర్స్‌లో స్వతంత్ర రాజ్యాన్ని ప్రకటించింది. ఆ ప్రకటన పాఠాన్ని రచించినవాడు కవి మహమూద్ దర్వీష్. పూర్వ పాలస్తీనాలో ఐదోవంతుకు కాస్త మించిన భూభాగంతో సరిపెట్టుకొనడానికి ఆ మండలి అప్పుడు సిద్ధపడింది. 1993 సెప్టెంబరు 13న ఓస్లో ఒప్పందంపై సంతకాలు జరిగాయి.

జనాన్ని క్రమం తప్పక అడగడం ఆ కాలంలోనే మొదలయింది. ఖలీల్ షికాకీ అనే పాలస్తీనా పండితుడు మొదట నాబ్లుస్‌లోనూ తరువాత రమల్లాలోనూ సర్వేలు నడిపాడు. 1994 నుండి టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో ఎఫ్రాయిమ్ యార్, తమార్ హెర్మన్ 'శాంతి సూచిక' పేరిట అదే పని చేశారు. 2000 నుండి ఇరువైపుల పండితులు కలిసి ఒకే ప్రశ్నను రెండు జాతులనూ అడుగుతూ వచ్చారు.

ఈ పని సులువైనది కాదు. 2003లో షికాకీ వేలాది శరణార్థి కుటుంబాలను ప్రశ్నించాడు. తిరిగి వెళ్ళే హక్కును ఇజ్రాయెల్ గుర్తించి తీరవలసిందే అన్నారు దాదాపు అందరూ. ఇజ్రాయెల్‌లో స్థిరపడాలని స్వయంగా కోరుకున్నవారు మాత్రం నూటికి పదిమందే. ఫలితం వెల్లడించబోయిన రోజున ఆగ్రహించిన గుంపు రమల్లాలోని అతని కార్యాలయంపై పడి కోడిగుడ్లు విసిరింది. హక్కు వేరు, ఆచరణ వేరు అని జనమే చెప్పినా, ఆ మాట వినడానికి కొందరికి మనసొప్పలేదు.

ఇక అంకెల మాట. 2000 చివరలో రెండవ ఇంతిఫాదా చెలరేగింది. ఆత్మాహుతి దాడులు, సైనిక దాడులు, ఇరువైపులా వందలూ వేలుగా చావులు. అంతటి నెత్తురు పారిన ఆ దశాబ్దంలోనూ రెండు రాజ్యాలకు ఇరువైపులా ఆధిక్యత నిలిచింది. 2016లో సైతం ఇజ్రాయెలీలలో 59 శాతం, పాలస్తీనీయులలో 51 శాతం ఔనన్నారు. 2018 నాటికి పాలస్తీనీయులలోనూ ఇజ్రాయెలీ యూదులలోనూ అది 43 శాతానికి దిగింది. 2022లో పాలస్తీనీయులు 33, యూదులు 34. అంటే 2023 అక్టోబరు 7కు ముందే ఆ ఆధిక్యత పోయింది. అందుచేత నెత్తురే ఈ ఆశను చంపిందనడం చరిత్రకు సరిపోదు.

మరేమి చంపింది? సర్వేకారులు రెండు ప్రశ్నలు వేస్తారు. 'కావాలా?' అన్నది ఒకటి, 'అవుతుందా?' అన్నది రెండవది. జనం మొదటి ప్రశ్నకు జవాబిస్తూ తరచు రెండవదానికే జవాబు చెబుతున్నారని నాకు తోస్తుంది. ఓస్లో నాడు వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెలీ వలసదారులు లక్షకు కాస్త పైగా ఉండేవారు. నేడు తూర్పు జెరూసలేంను విడిచి లెక్కించినా ఐదు లక్షలు దాటారు. తన పొలం పక్క కొండపై ఏటేటా ఇళ్ళు లేస్తుంటే చూసే రైతుకు అక్కడ తన రాజ్యం వస్తుందన్న నమ్మకం ఎలా మిగులుతుంది? 2005లో గాజా నుండి వైదొలగిన తరువాత రాకెట్లు చూసిన ఇజ్రాయెలీకి, భూమి ఇస్తే శాంతి వస్తుందన్న నమ్మకం ఎలా నిలుస్తుంది? ఈ రెండు అనుభవాలు సమానమని నేననను. ఒకరు ఆక్రమణ కింద బతుకుతున్నవారు, మరొకరు అధికారం చేతనున్నవారు. అయినా అవిశ్వాసం ఇరువైపులా పండింది. ఎదుటివారిని నమ్మలేమన్నవారు ఇరుజాతులలోనూ నూటికి ఎనభై మందికి పైనే.

ఇంకొక విషయం కూడా ఆ సర్వేలలో మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఎదుటి జాతిలో ఈ పరిష్కారాన్ని కోరేవారు ఎందరో ఊహించమంటే, ఉన్నవారికంటే తక్కువగా ఊహించేవారు. మనం సిద్ధమే, వారే సిద్ధంగా లేరని ఇరువురూ అనుకున్నారు. ఎదుటివారు ఫలానా మేలు చేస్తే ఒప్పుకుంటారా అని అడిగితే, కాదన్నవారిలోనూ చెప్పుకోదగినంతమంది మనసు మార్చుకున్నారు. అభిప్రాయం రాతిలో చెక్కినది కాదు.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ తరువాతి యుద్ధంలో మృతుల సంఖ్య 2025 జూలై నాటికి 60 వేలు దాటిందని గాజా ఆరోగ్య శాఖ లెక్క. 2024 ఉమ్మడి సర్వేలో పాలస్తీనీయుల మద్దతు 40 శాతానికి పెరిగింది, ఇజ్రాయెలీ యూదులది 21కి పడిపోయింది. ఒకే విపత్తు ఒకరిని ఈ ఆలోచన వైపు జరిపింది, మరొకరిని దూరం చేసింది. పోనీ అందరూ సమాన హక్కులతో ఒకే రాజ్యంలో ఉండవచ్చు గదా అంటే, దానికి మద్దతు ఇరువైపులా ఇంకా తక్కువ. పాలస్తీనీయులకు సమాన హక్కులు లేని ఒకే రాజ్యాన్ని కోరే యూదులు, రెండు రాజ్యాలను కోరేవారిని 2022లోనే మించారు. భయపడవలసింది దీనికి.

2024 జూలైలో ఇజ్రాయెల్ పార్లమెంటు 68-9 ఓట్లతో పాలస్తీనా రాజ్యాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానించింది. రమల్లాలో అధ్యక్ష ఎన్నిక 2005 తరువాత జరగనే లేదు. 2025 సెప్టెంబరులో సమితి సాధారణ సభలో 142 దేశాలు రెండు రాజ్యాల పరిష్కారాన్ని సమర్థించాయి. 1947లో పంపకం వద్దన్న భారతదేశం ఈసారి ఔనన్న పక్షాన నిలిచింది. లోకం ఔనంటున్న వేళకు ఆ నేలపైని జనం నమ్మకం కోల్పోయి ఉన్నారు.

'జనం ఒప్పుకోరు' అని నాయకులంటే మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఒప్పుకున్న జనం ఒకప్పుడు ఇరువైపులా ఉన్నారు, ఏళ్ళ తరబడి ఉన్నారు. వారి మాట చెల్లకుండా పోయింది. 1995 నవంబరు 4న రబీన్ హత్య జరిగిన ఏడు పుట్టిన పిల్లలకు ముప్పై ఏళ్ళు నిండాయి. ఇది సాధ్యమేనని పెద్దలు నమ్మిన కాలాన్ని వారు కళ్ళతో చూడలేదు. రేపటి సర్వేలో జవాబు చెప్పేది వారే. వారు 'కావాలి' అనాలంటే ముందుగా 'అవుతుంది' అనిపించే పని ఒక్కటైనా వారి కంటబడాలి.

మీ అభిప్రాయాలు వ్యాఖ్యలలో తెలుపగలరు.

స్వస్తి.