మేధోవలస (భారతదేశం)

ఉన్నత చదువులు చదివినవారు విదేశాల్లో స్థిరపడటం. దీన్ని నష్టమంటూనే, వెళ్లినవారు పైకొస్తే 'మనవాడే' అని చంకలు గుద్దుకోవడం రివాజు. 1949లో విదేశీ చదువు ముగించుకొని వచ్చిన జీవరసాయన శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానాకు స్వదేశంలో తగిన ఉద్యోగం దొరకలేదు. కేంబ్రిడ్జి, వాంకూవర్‌ల మీదుగా 1960లో అమెరికాలోని విస్కాన్సిన్ చేరి, 1966లో అమెరికా పౌరుడయ్యారు. 1968లో నోబెల్ వస్తే, మరుసటేడే పద్మవిభూషణ్!

భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకు ఆ పాటి గుర్తింపూ లేదు. మద్రాసు వైద్య కళాశాలలో స్వదేశీ చిహ్నమైన ఖద్దరు గౌను వేసుకుని ఆంగ్లేయ ఆచార్యుడి ఆగ్రహానికి గురైన ఆయనకు పూర్తి వైద్య పట్టా బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. 1923లో అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌పై పరిశోధనలు నడిపించారు. 1948లో అక్కడే కన్నుమూశారు. ఆయన పేరిట భారత తపాలా బిళ్ల 1995లో, శతజయంతికి గానీ రాలేదు.